మూసారాంబాగు నుండి ఒక ఈజిప్టు యాత్ర

ఈజిప్టులో లక్సరు నగరమునకు పోయిన యాత్రికులు ఉదయము నైలునది తూర్పు గట్టున కర్నాకు దేవాలయమును చూచి, పిదప పడమటి గట్టు దాటి రాజుల లోయలోని సమాధులను చూతురు. సూర్యుడుదయించు దిక్కు దేవతలదనియు, అస్తమించు దిక్కు మృతులదనియు ఆ దేశపు ప్రాచీనుల నమ్మకము. అంత దూరము పోలేని మనకు హైదరాబాదులోనే ఇటువంటి చిన్న యాత్ర ఒకటి కలదు. రసాయనశాస్త్రము చదువు మా విద్యార్థులను నేను ఈ యాత్రకు తీసికొని పోవుచుందును.

మొదటి మజిలీ మూసారాంబాగు ప్రాంతములోని రేమాండు సమాధి. ఫ్రాన్సు దేశీయుడైన రేమాండు నిజాము కొలువులో సేనానియై, ఫిరంగుల కార్ఖానా పెట్టించి పేరు పొందినాడు. హిందువులు మూసారామ్ అనియు, ముస్లిములు మూసా రహీమ్ అనియు పిలుచుకొన్న ఈయన పేరే మూసారాంబాగునకు వచ్చినది. 1798 మార్చి 25న ఆయన మరణించెను. సమాధిపై సుమారు 7 మీటర్ల ఎత్తున, పైకి పోయినకొద్ది సన్నబడు రాతి స్తంభము నిలిచియున్నది.

ఈ ఆకారము పుట్టినిల్లు ఈజిప్టు. దీనిని ఓబెలిస్కు అందురు. అక్కడ ఇది సూర్యదేవునికి అంకితము. దేవాలయ ద్వారము ముందు నిలుపుదురు. కర్నాకులో హత్షెప్సుతు రాణి నిలిపించిన ఏకశిల దాదాపు 29 మీటర్ల ఎత్తు, 300 టన్నులకు పైగా బరువు. అస్వాను గనిలో 42 మీటర్ల శిల ఒకటి చెక్కుచుండగా బీట వారుటచే నేటికిని అట్లే పడియున్నది. రోమను చక్రవర్తులు కొన్నిటిని ఓడలపై తమ నగరమునకు తరలించిరి. వానిని చూచి యూరపువారు ఆ రూపమును స్మారక చిహ్నముగా గ్రహించిరి. సూర్యుని స్తంభము సమాధి స్తంభమై, ఆ విధముగా మన మూసీ ఒడ్డుకు చేరినది.

రూపము చేరినది గాని భావము చేరలేదు. 1798లో ఈజిప్టు చిత్రలిపిని చదువగలవాడు భూమిపై ఒక్కడును లేడు. ఆ లిపిలో తేదీ తెలిసిన చివరి శాసనము క్రీ.శ. 394 నాటిది. రేమాండు పోయిన కొద్ది మాసములకే నెపోలియను సేనలు ఈజిప్టులో దిగెను. 1799లో వారికి రొసెట్టా వద్ద ఒక శిల దొరకెను. దానిపై ఒకే శాసనము చిత్రలిపిలోను, వాడుక లిపిలోను, గ్రీకులోను ఉన్నది. తెలిసిన గ్రీకు ఆధారముతో తెలియని లిపిని షాంపోలియను 1822లో ఛేదించెను.

ఆ ఫలము రెండవ మజిలీలో మనకు కనబడును. మూసారాంబాగులో మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషనులో దిగిన, చేరువలోనే పబ్లిక్ గార్డెన్సు. అందలి పురావస్తు ప్రదర్శనశాలలో ఒక ఈజిప్టు స్త్రీ మమ్మీ ఉన్నది. నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతమున దీనిని కొని తెచ్చి ఏడవ నిజామునకు కానుక ఇచ్చెననియు, 1930లో ప్రదర్శనశాలకు చేరెననియు చెప్పుదురు. దేహముపై కప్పిన చిత్రపు తొడుగు మీది లిపిని చదివి ఆమె పేరు నైషు అని గ్రహించిరి. కాలము టోలెమీ రాజుల నాటిది. రొసెట్టా శిలయు ఆ రాజుల నాటిదే.

రెండువేల ఏండ్లకు పైగా ఈ దేహము చెడకుండుటకు కారణము మంత్రము కాదు, నేట్రాను అను ఉప్పు. ఎండిన సరస్సుల ఒడ్డున దొరకు ఈ పదార్థములో ముఖ్యముగా చాకలి సోడా, వంటసోడా, కొంత మామూలు ఉప్పు ఉండును. లోపలి అవయవములను తీసి, దేహమును దాదాపు నలుబది దినములు ఇందులో కప్పి ఉంచెడివారు. నీరు లేనిచోట కుళ్ళబెట్టు సూక్ష్మజీవులు పెరుగలేవు. మన ఎండుచేపలు నిలువ ఉండుటకును ఇదే కారణము.

నైషు ఆరవ ఫారో కుమార్తె అని చాలకాలముగా వినికిడి. "ఏ వంశములో ఆరవవాడు?" అని ఒక విద్యార్థిని నన్ను అడిగినది. ప్రశ్న సరియైనదే. ఈజిప్టు చరిత్రలో ముప్పదికి పైగా రాజవంశములు. వంశము పేరు లేని ఆరవవాడు ఎవడైనను కావచ్చును. ఆమె పదునారు, పదునెనిమిది ఏండ్ల బాలిక అనియు అనుకొనెడివారు. 2016 ప్రాంతమున కట్లు విప్పకయే ఎక్స్‌రే, సి.టి. స్కానులతో ఎముకలను పరీక్షించగా, వయస్సు ఇరువదియైదు ఏండ్ల ప్రాంతమని తేలినది. రాతను లిపి చదివి తెలిసికొన్నట్లే, ఎముకను కిరణములతో చదివినారు. ఇంచుమించు అదే కాలమున ఆమెను ప్రాణవాయువు లేని గాజుపెట్టెలో ఉంచినారు. ఎండిన ఉప్పు కాపాడిన దేహమును మన నగరపు తేమగాలి నుండి ఇప్పుడది కాపాడుచున్నది.

ఆ పెట్టె ముందు పిల్లలు మొదట వేళాకోళము లాడుదురు. పేరు, వయస్సు చెప్పగానే నిశ్శబ్దమగుదురు. ఆమె వింతవస్తువు కాదు, తన దేశమునకు దూరముగా మన అతిథియై ఉన్న ఒక స్త్రీ. ఆమెను గూర్చి ఋజువైన మాటనే చెప్పుట మనము చేయదగిన మర్యాద.