ముడత పడని లెక్క

కర్లపాలెంలో మా వసారా దూలానికి గొలుసులతో ఒక చెక్క ఉయ్యాల ఉండేది. ఒకసారి తోసి వదిలేస్తే ఊగి ఊగి ఆగేది. దానికి ఇప్పుడు ఎక్కడుంది, ఎంత వేగంతో ఉంది అన్నది తెలిస్తే చాలు, తర్వాతి సంగతి లెక్కగట్టవచ్చు. కానీ పక్కన మా తమ్ముడు నిలబడి తోచినప్పుడల్లా తోస్తుంటే? అప్పుడు గడియారం కూడా చూడాలి. ఈ రెండో దాన్నే కాలంతో మారే అవకలన సమీకరణం అంటారు. పేరు చూసి పేజీ తిప్పేయకండి!

కొద్దిపాటి ఊపుకి ఉయ్యాల నియమం తిన్నగా ఉంటుంది. ఊపు హెచ్చితే వంకర తిరుగుతుంది. తిన్నని లెక్క తేలిక, వంకర లెక్క కష్టం. మరి నిలకడ స్థితి దగ్గర వంకరదాన్ని తిన్నగా సాపు చేసుకోవచ్చా? ఫ్రాన్సులో పొయాంకరే 1879లోనే తన డాక్టరేటు వ్యాసంలో ఈ ప్రశ్న ఎత్తుకున్నాడు. రష్యాలో గ్రోబ్మన్ 1959లో, అమెరికాలో హార్ట్‌మన్ 1960లో, ఎవరికి వారే, చేయవచ్చని తేల్చారు. షరతు ఒకటే: అక్కడ ప్రతి దిక్కూ లోపలికో బయటికో స్పష్టంగా లాగుతూ ఉండాలి.

తిరకాసు ఇక్కడే ఉందండీ. నలిగిన పట్టుచీరని ఇస్త్రీ చేశాం. చిరగలేదు, పొర మీద పొర అంటుకోలేదు, కానీ ఒకచోట మడత గీత ఉండిపోయింది. వాళ్ల సిద్ధాంతం చిరగదని మాత్రమే హామీ ఇచ్చింది, ముడత ఉండదని కాదు. ముడత ఉన్నచోట వేగాల లెక్క నమ్మలేం. రెండు కొలతల్లో నునుపుగా కుదురుతుందనీ, మూడు కొలతల్లో కుదరని ఉదాహరణ ఉందనీ హార్ట్‌మనే చూపించాడు. తన సిద్ధాంతం హద్దు తానే చెప్పడం నాకు భలే నచ్చింది.

తమ్ముడు తోసే ఉయ్యాలైతే చీర ఇస్త్రీపెట్టె కిందే మారిపోతూ ఉంటుంది. దగ్గరయ్యే దిక్కులూ దూరమయ్యే దిక్కులూ ఎల్లకాలం నిర్ణీత రేటున విడిగా ఉంటే దాన్నీ సాపు చేయవచ్చని 1973లో పామర్ నిరూపించాడు. ముడత మాట మిగిలింది. ఏ షరతుల మీద నునుపు దక్కుతుందో 2015లో కస్తనేదా, రోబ్లెదో, 2019లో కువోంగ్, దోవాన్, జీగ్మండ్ చెప్పారు. అంటే నలభై ఏళ్లు దాటింది!

ఉస్మానియాలో 1957లో డాక్టరేటు పొందిన వంగిపురం లక్ష్మీకాంతం గారిది వేరే దారి. అవకలన, సమాకలన అసమానతల మీద 1969లో రెండు సంపుటాలు వెలువరించారు. సహ రచయిత్రి ఎస్. లీల. ఆడపిల్లకి పై లెక్కలెందుకని మా చుట్టాలు అంటున్న కాలంలో, అట్ట మీద ఒక స్త్రీ పేరు! వీళ్లు చీరని సాపు చేయరు. మూట ఎంత ఉబ్బినా ఇంతకు మించదని చుట్టూ కొలతాడు పెడతారు, అదీ గడియారంతో మారే లెక్కలకి కూడా.

మా ఉయ్యాల వెనక గోడకి తగులుతుందా లేదా అన్నదానికి ఆ కొలతాడు చాలు. కొద్దిగా తోపు మారిస్తే ఊపు ఎంత మారుతుందో నిక్కచ్చిగా కావాలంటే మాత్రం ముడత లేని ఇస్త్రీయే కావాలి.