ఖాళీగా కనిపించే జాగా

మూడేళ్ళ క్రితం మా అమ్మాయి పురిటికి న్యూజెర్సీ వెళ్ళాను. జనవరి ఆఖర్లో దిగాను, ఫిబ్రవరిలో మనవరాలు పుట్టింది. బయట మంచు, లోపల పసిపిల్ల, పథ్యం వంటలు. రెండు నెలలు కిటికీలోంచి తప్ప ఆకాశం చూడలేదు. ఏప్రిల్ మొదటి వారంలో కాస్త ఎండ కాసింది. "అమ్మా, నీకూ గాలి మారినట్టుంటుంది, మా మడి చూద్దువుగాని రా" అని అమ్మాయి వాళ్ళ ఊరి కమ్యూనిటీ గార్డెన్‌కి తీసుకెళ్ళింది.

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు మీలో చాలామంది ఇలాంటివి చూసే ఉంటారు. ఊళ్ళో ఒక స్థలాన్ని చిన్న చిన్న మళ్ళుగా చేసి, కావలసిన వాళ్ళకి తలా ఒకటి ఇస్తారు. ఎవరి కూరలు వాళ్ళు పండించుకుంటారు. గొట్టం, గునపం, గేటు తాళం మాత్రం అందరివీ. మా అమ్మాయి మడిలో కిందటేడు మొక్కలు ఎండిపోయి అలాగే నిలబడి ఉన్నాయి. ఒక మూల నేల బోసిగా ఉంది. నిండు చూలాలు ఎక్కడ శుభ్రం చేసుకోగలదులే అనుకున్నాను. పిల్లతో అది బెంచీ మీద కూర్చుంటే, నేను కొంగు బిగించి గంటన్నరలో ఎండు కాడలన్నీ విరిచి రెండు పెద్ద సంచుల్లో కుక్కాను. బోసి నేలని గునపంతో తిరగేశాను. ముగ్గు వేయడం ఒక్కటే తక్కువ!

అప్పుడొచ్చింది పక్క మడి ఆవిడ. డెబ్బై దాటి ఉంటాయి. నా సంచులు చూసి ఒక్క క్షణం ఏమీ అనలేదు. తర్వాత మా అమ్మాయితో మెల్లగా ఏదో చెప్పింది. అమ్మాయి నావైపు తిరిగి, "అమ్మా, ఆ కాడల్లో తేనెటీగల పిల్లలున్నాయట. నేలలో కూడా" అంది.

నమ్మలేదు నేను. తేనెటీగలంటే పట్టు కదా, కాడల్లో ఏముంటాయి? ఆవిడ సంచిలోంచి ఒక కాడ తీసి, చూరులా విరిగిన కొస దగ్గర మట్టితో మూసిన బిళ్ళ చూపించింది. లోపల వరసగా గదులు. ఒక్కో గదిలో తల్లి ఈగ పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద ఒక గుడ్డు పెట్టి, మూసేసి వెళ్ళిపోతుందట. ఈ ఒంటరి తేనెటీగలకి పట్టు లేదు, రాణి లేదు, దాదులు లేరు. ఒక్క తల్లే అంతా అమర్చి, పిల్లలు బయటికి వచ్చేసరికి చాలావరకు తను ఉండదు. చలికాలమంతా వెచ్చగా పడుకున్న ఆ పిల్లలని నేను చెత్త సంచిలో కట్టాను. పురిటికి వచ్చినదాన్ని!

సంచులు విప్పి, కాడలని కట్టలు కట్టి కంచెకి ఆనించి నిలబెట్టాం. తిరగేసిన నేలకి మాత్రం చేయగలిగింది ఏమీ లేదు. ఆ సాయంత్రం నుంచి ఆవిడతో స్నేహం కుదిరింది. నా ఇంగ్లీషుకి అమ్మాయి సాయం కావలసి వచ్చేది. ఆవిడ పుట్టింది ప్యూర్టో రికోలో, పెరిగింది న్యూయార్క్ బ్రాంక్స్‌లో. ఈ తోటల చరిత్ర ఆవిడకి పుస్తకం కాదు, పుట్టిల్లు. ఆవిడ చెప్పినవీ, ఇంటికొచ్చాక నేను చదువుకున్నవీ కలిపి మీకు చెప్తాను.

1970లలో న్యూయార్క్ నగరం దివాలా అంచున ఉంది. అద్దెలు రాక, పన్నులు కట్టలేక ఇళ్ళవాళ్ళు భవనాలు వదిలేశారు. ఎన్నో భవనాలు తగలబడ్డాయి. నగరపాలక సంస్థ చేతికొచ్చిన ఆ స్థలాల్లో ఇటుక ముక్కలు, గాజు పెంకులు, పాత పరుపులు పేరుకున్నాయి. 1973లో లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె స్నేహితులు మన్‌హాటన్‌లో బవరీ, హ్యూస్టన్ వీధుల మూల అలాంటి ఒక స్థలాన్ని శుభ్రం చేయడం మొదలుపెట్టారు. తమకి "గ్రీన్ గెరిల్లాస్" అని పేరు పెట్టుకున్నారు. లోపలికి వెళ్ళే వీలు లేని పాడు స్థలాల్లోకి విత్తనాలు, ఎరువు నింపిన బుడగలని కంచె పైనుంచి విసిరేవారు. 1974లో నగరం ఆ మూల స్థలాన్ని వాళ్ళకి అద్దెకిచ్చింది, నెలకి 1 డాలరు. మట్టి మోసి, మళ్ళు కట్టి, కూరగాయలు పండించారు. లిజ్ క్రిస్టీ 1985లో చనిపోయింది. మరుసటి ఏడు ఆ తోటకి ఆమె పేరే పెట్టారు. ఇప్పటికీ ఉంది.

ఆ దారిలో బ్రాంక్స్, ఈస్ట్ హార్లెమ్, బ్రూక్లిన్‌లలో వందల తోటలు లేచాయి. 1978లో నగరమే "గ్రీన్‌థంబ్" అనే పథకం పెట్టి ఇలాంటి స్థలాలని నామమాత్రపు అద్దెకి ఇవ్వసాగింది. ప్యూర్టో రికో కుటుంబాలు తోట మధ్యలో తమ ఊరి పద్ధతిలో "కసీటా" అనే చిన్న చెక్క ఇల్లు కట్టుకునేవి. అక్కడే వంట, పాట, పిల్లల ఆట. మా స్నేహితురాలి తల్లి పగలు కుట్టుపని చేసి, సాయంత్రం అలాంటి తోటలో మిరప, బీన్స్ పండించేదట. "అమ్మకి ఆ దేశంలో సొంతమనిపించింది ఆ నాలుగు అడుగులే" అంది ఆవిడ.

కానీ అద్దె కాగితం పట్టా కాదు కదా. స్థలాలకి మళ్ళీ ధర వచ్చింది. 1999లో మేయర్ రుడాల్ఫ్ జూలియానీ హయాంలో 114 తోటలని వేలానికి పెట్టారు. వేలం పాటలో అవి "ఖాళీ స్థలాలు". పాతికేళ్ళుగా ఎవరో నీళ్ళు పోస్తున్నా సరే, ఖాళీయే! జనం ఊరేగింపులు చేశారు, కోర్టులకెక్కారు. ఒకాయన పొద్దుతిరుగుడు పువ్వు వేషం వేసుకుని సిటీ హాల్ పార్కులో చెట్టెక్కి కూర్చున్నాడు. చివరికి వేలానికి ముందు రోజు ఒప్పందం కుదిరింది. నటి బెట్ మిడ్లర్ స్థాపించిన సంస్థ 51 తోటలని, ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ అనే మరో సంస్థ 63 తోటలని కొని కాపాడాయి. రెండిటికీ కలిపి 42 లక్షల డాలర్లు. అన్నీ దక్కలేదు. 2000 ఫిబ్రవరిలో ఎస్పెరాంజా అనే తోటని బుల్‌డోజర్లు నేలమట్టం చేశాయి. స్పానిష్‌లో ఆ మాటకి అర్థం, ఆశ.

ఇప్పుడు నా కాడల దగ్గరికి వస్తాను. ఇంత పోరాటంలోనూ ఎవరూ తేనెటీగల కోసం తోట పెట్టలేదు. కూర కోసం, నీడ కోసం, పిల్లలు వీధిలో పాడవకూడదని పెట్టారు. తర్వాత పరిశోధకులు వచ్చి ఈస్ట్ హార్లెమ్, బ్రాంక్స్ తోటల్లో తేనెటీగలని లెక్కపెట్టారు. 2008లో అచ్చైన ఆ అధ్యయనంలో 54 జాతులు తేలాయి. న్యూయార్క్ రాష్ట్రం మొత్తంలో నమోదైన జాతుల్లో సుమారు ఎనిమిదో వంతు! ఎక్కువ భాగం ఆ నేల సొంత జాతులే. ఎవరూ పిలవలేదు. చోటు దొరికింది, వచ్చాయి.

మనకి తేనె ఇచ్చే పెంపుడు ఈగ అమెరికాకి వలస వచ్చిందే. 1622లో ఐరోపావాళ్ళు ఓడలో వర్జీనియాకి తెచ్చారు. అంతకుముందు వేల ఏళ్ళుగా అక్కడివాళ్ళు పండించిన గుమ్మడికి పరాగసంపర్కం చేసింది అక్కడి ఒంటరి ఈగలే. గుమ్మడి పువ్వు కోసమే బతికే జాతులు కొన్ని పాదు పక్క నేలలోనే గూడు చేసుకుంటాయి. మగ ఈగలు మధ్యాహ్నానికి ముడుచుకున్న పువ్వులోనే నిద్రపోతాయి. టమాటా పువ్వుకి మరో పేచీ ఉంది. పుప్పొడి సన్నని గొట్టాల్లో దాగి ఉంటుంది. బంబుల్ బీ లాంటిది పువ్వుని పట్టుకుని ఝుమ్మని ఒళ్ళు అదిరిస్తేనే బాగా రాలుతుంది. పెంపుడు ఈగకి ఆ విద్య రాదు. అలాంటి బంబుల్ బీలలో ఒక జాతి, వీపు మీద తుప్పు రంగు మచ్చ ఉండేది, 2017లో అమెరికా అంతరించిపోతున్న జీవుల జాబితాకెక్కింది.

మే నెల వచ్చాక రోజూ ఆ కట్టల దగ్గరికి వెళ్ళి చూసేదాన్ని. పిల్లకి మూడో నెల వచ్చింది, నవ్వడం నేర్చింది. ఒక ఉదయం ఒక కాడ కొసన మట్టి బిళ్ళకి చిన్న రంధ్రం కనిపించింది. ఆ వారంలో ఏడు లెక్కపెట్టాను. నేల మూల మాత్రం ఆ ఏడాది అలాగే ఉండిపోయింది. జులైలో, బయల్దేరే ముందు, ఒక మధ్యాహ్నం పక్క మడి ఆవిడ ముడుచుకున్న గుమ్మడి పువ్వు ఒకటి వేలితో మెల్లగా తట్టింది. లోపల్నుంచి నిద్ర చెడిన రొద. ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

విజయవాడ తిరిగొచ్చాక నా కళ్ళు మారాయి. మన వంకాయ పువ్వు కూడా టమాటా లాంటిదే. దాన్ని అదిలించి పుప్పొడి రాల్చేది ఎండు వెదురుకి కన్నం పెట్టుకుని కాపురముండే మన నల్ల తుమ్మెద, దాని చుట్టాలు. మనకీ సొంత తేనెటీగలున్నాయి. కొండ తేనెటీగ, పుట్ట తేనెటీగ, కొండి లేని చిన్నది. ఐరోపా ఈగ మన దేశంలో నిలదొక్కుకున్నది 1962లో హిమాచల్‌లోని నగ్రోటాలో. మా మిద్దె మీద వంగ సరిగ్గా కాయడం లేదని మందులు కొట్టిన రోజులు గుర్తొచ్చాయి. పందిరికి కన్నాలు పడుతున్నాయని తుమ్మెద గూటిలో కిరసనాయిలు పోయించింది కూడా నేనే.

కిందటేడు మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో వెనక గోడ పక్క మట్టి జాగాకి సిమెంటు చేయించాలని తీర్మానం వచ్చింది. పది అడుగుల వెడల్పు. "ఖాళీగా పడి ఉంది, బండ్లు పెట్టుకోవచ్చు" అన్నారు. ఎప్పుడూ నోరు మెదపని నేను లేచి, అది ఖాళీ కాదన్నాను. కొందరు నవ్వారు. ఏమేం ఉన్నాయో చెప్పమన్నారు. చెప్పాను, న్యూయార్క్‌తో సహా. పై ఫ్లోర్ పిన్నిగారు, ఎదురింటి కోడలు నా పక్కన నిలబడ్డారు. సగం జాగా సిమెంటయింది. మిగతా సగం "ఒక్క ఏడాది చూద్దాం" అని మాకొదిలారు. కాగితం లేదు, డాలరు అద్దె కూడా లేదు. వచ్చే నెల ఆ ఏడాది పూర్తవుతుంది, మళ్ళీ మీటింగ్.

అందులో వంగ, బెండ, తులసి, బంతి వేశాం. ఎండు వెదురు ముక్కలు నాలుగు గోడకి కట్టాం. ఒక మూల నేలని అలాగే బోసిగా వదిలేశాం. వాచ్‌మన్ వాళ్ళావిడకి ముందే చెప్పాను, ఎంత చెత్తగా కనిపించినా ఆ మూల మాత్రం ఊడవొద్దని.