కీళ్ల అరుగుదల: ఏ కీలుకు ఎలా వస్తుంది?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో పత్తి ఏరే, మిర్చి తెంపే, నాట్లు వేసే ఆడవాళ్ల నోట తరచుగా వినే మాట 'మోకాలి చిప్పల్లో గుజ్జు అరిగింది' అని. ఇంట్లో పెద్దవాళ్లు దీన్నే గఠియా అంటారు. డాక్టర్లు ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు.

రెండు ఎముకలు కలిసే చోట ఎముక చివరన మెత్తని, నున్నని మృదులాస్థి ఉంటుంది. అది పలచబడితే కీలు బిగుసుకుంటుంది, నొప్పి పెడుతుంది, అంచుల్లో ఎముక పెరుగుతుంది. వయసు, అధిక బరువు, పాత దెబ్బలు, పదే పదే గొంతు కూర్చోవడం, బరువులు మోయడం దీనికి కారణాలు. నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఎక్కువ.

మోకాలు: మెట్లు దిగేటప్పుడు, కింద కూర్చొని లేచేటప్పుడు నొప్పి.
తుంటి: నొప్పి గజ్జల్లో వస్తుంది. ఒక్కోసారి మోకాల్లోనే తెలుస్తుంది. అందుకే కొందరు మోకాలికే మందు రాస్తూ ఉండిపోతారు.
చేతులు: బొటనవేలి మొదట్లో నొప్పి, వేళ్ల చివరి కణుపుల్లో గట్టి బుడిపెలు.
మెడ, నడుము: నరం నొక్కుకుంటే చేతుల్లోకో కాళ్లలోకో తిమ్మిరి పాకుతుంది.

పొద్దున లేవగానే బిగువు అరగంటలోపు తగ్గితే సాధారణంగా అరుగుదలే. గంటకు పైగా ఉండి, రెండు చేతుల కీళ్లు వాస్తే అది కీళ్లవాతం కావచ్చు, దాని చికిత్స వేరు. కీలు ఎర్రగా వేడెక్కి జ్వరం వస్తే ఆలస్యం చేయొద్దు.

అరిగిన మృదులాస్థిని తిరిగి పెంచే మందు లేదు. కానీ నొప్పి తగ్గించుకోవచ్చు. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగుకు మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. కుర్చీలో కూర్చొని కాలు చాచి అయిదు సెకన్లు పట్టి ఉంచండి, రోజూ పదిసార్లు చేస్తే తొడ కండరం గట్టిపడుతుంది. నొప్పి గోళీలు నెలల తరబడి సొంతంగా మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీ దెబ్బతినొచ్చు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. ఏ మందో చెప్పకుండా ఇచ్చే పొట్లాల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు.

సజ్దా చేయలేని పెద్దలు కూర్చొని నమాజ్ చేసుకోవచ్చు, దీన్ ఆ వెసులుబాటు ఇచ్చింది. నొప్పిని ఓర్చుకోవడమే సబర్ అనుకోకండి.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అమ్మీని, నానీని ఒకసారి ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించండి.