సన్నని నడుము, బక్క మనిషి

మా మేనకోడలి పెళ్ళికి మూడు రోజుల ముందు, బడంగ్‌పేటలోని మా అన్నయ్య ఇంటికి గాజులామెను పిలిపించారు. పిల్ల చెయ్యి చాపగానే, వరుసకు మా పెద్దమ్మ అయ్యే ఒకావిడ ఆ మణికట్టు చూసి, "గింత బక్కగున్నదేంది పిల్ల? ఇంట్ల తిండి పెడ్తలేరా?" అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పిల్ల కూడా నవ్వింది. ఆ రాత్రి నా పక్కన పడుకుని, "అత్తా, నేను కడుపునిండానే తింటున్న గదా. ఎన్నిసార్లని రుజువు చేయాలె?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వ్రాసినదే ఈ టపా.

మన కావ్యభాషను చూస్తే సన్నదనానికి ఇంత నింద ఎందుకో వెంటనే అర్థం కాదు. తన్వి, లతాంగి, కృశాంగి, తలోదరి... స్త్రీని పిలవడానికి ఎన్ని మాటలు! ఛందస్సుతో పరిచయమున్నవారికి తెలుసు, 'తనుమధ్య' పేరుతో పాదానికి ఆరక్షరాల వృత్తమే ఒకటి ఉంది. ప్రబంధకవులు నాయికకు నడుము ఉన్నదా, లేదా అని సందేహపడడం ఒక ఆనవాయితీ. అయితే కాస్త నిదానించి చూస్తే, వారు మెచ్చినది నడుము ఒక్కదానినే. దానికి పైనా కిందా నిండుదనం ఉండి తీరాలి. ఒళ్ళంతా చిక్కిపోతే అది అందం కాదు, విరహం. ముంజేతి కంకణాలు జారితే చెలికత్తెలు చందనం తీయవలసిందే. అంటే కావ్యంలో కూడా సన్నని దేహం ఏదో ఒక లోటుకు గుర్తే.

కావ్యంలో ఆ లోటు ప్రియుడు, ఊళ్ళో అన్నం. 1876-78 నాటి ధాత కరువు మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలనూ, నైజాము రాజ్యాన్నీ పీడించింది. అటువంటి కరువులను ఎరిగిన సమాజంలో ఒంటి మీద కండ ఉన్నదంటే గాదెలో గింజ ఉన్నదన్నమాట. "ఒళ్ళు చేసింది" అన్నది అప్పుడు మెప్పు. పెద్దమ్మ నోట వచ్చిన ప్రశ్న ఆమె కంటే చాలా పాతది.

కాలం మారి కరువు స్థానంలోకి అంకె వచ్చింది. 19వ శతాబ్దంలో బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే 'సగటు మనిషి'ని వెతుకుతూ బరువుకూ ఎత్తు వర్గానికీ ఉన్న సంబంధం గమనించాడు. 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ బృందం దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది. వారు పరిశీలించినది ఐదు దేశాలకు చెందిన ఏడు వేల పైచిలుకు మందిని. అందరూ పురుషులే.

ఆ అంకె మా ఇరుగుపొరుగుకూ వచ్చింది. శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో మొదలయింది. అదే ఏడు, బరువు పెరిగారని విమానం ఎక్కనివ్వని గగనసఖుల అర్జీని ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. మరుసటి సంవత్సరం ఎయిర్ ఇండియా కొందరిని ఉద్యోగంలో నుంచే తీసివేసింది. 2014లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ పెట్టిన నిబంధన ప్రకారం విమాన సిబ్బందిలో స్త్రీకి 18 నుంచి 22, పురుషునికి 18 నుంచి 25 మామూలు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న పురుషుడు 64 కిలోల దాకా ఉండవచ్చు. అదే ఎత్తు స్త్రీ 56 దాటితే ఎక్కువ, 46కు దిగితే తక్కువ. ఒకే తక్కెడ, రెండు రకాల రాళ్ళు. లావు మనిషిని వెక్కిరించేదీ, బక్క మనిషిని వెక్కిరించేదీ ఆ తక్కెడే.

సన్నదనం వెనుక ఆకలి ఎన్నడూ ఉండదని నేననడం లేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ స్త్రీలలో 18.8 శాతం మంది ఉండవలసిన బరువు కంటే తక్కువ, 30.1 శాతం మంది ఎక్కువ. ఆ తక్కువలో తిండి చాలనివారున్నారు, జబ్బుపడినవారున్నారు, పుట్టుకతోనే సన్నగా ఉన్నవారూ ఉన్నారు. అంకె వారిని వేరు చేయలేదు. వేరు చేయవలసినది వైద్యుడు. తిండి అందేలా చూడవలసినది ప్రభుత్వం. గాజులు తొడిగే వేళ పదిమందిలో తేల్చే విషయం కాదది.

ఆ రోజు గాజులామె మాత్రం ఏమీ అనలేదు. పిల్ల వేళ్ళు దగ్గరకు చేర్చి ఒకసారి నొక్కి చూసి, రెండు-నాలుగు గాజులు పక్కన పెట్టి, రెండు-రెండు తీసింది. నా చేతికి రెండు-ఎనిమిది తీసింది. గాజును మార్చింది గాని, చేతిని తప్పుపట్టలేదు.

పిల్లకు నేనిచ్చిన జవాబు చిన్నదే. ఇక రుజువు చేయనక్కరలేదన్నాను. ఈసారి ఎవరైనా అంటే నేను నవ్వనని కూడా చెప్పాను.