కోత పెట్టిన కరెంటు

అనంతపురం జిల్లాలో పెరిగినవాళ్లకు ‘కోత’ అంటే రెండు గుర్తొస్తాయి. ఒకటి జొన్న కోత, కొర్ర కోత. వాన కరుణిస్తేనే అది ఉంటుంది. రెండోది కరెంటు కోత. దానికి వానతో పనిలేదు, ఎప్పుడైనా వస్తుంది. కోతకి ఇంకో అర్థం కూడా ఉందని నాకు చూపించింది మా చిన్నాయన. కళ్యాణదుర్గంలో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే అంగడి ఆయనది. ఈ వ్యాసం ఆ మూడో కోత గురించి.

1982 మార్చిలో ఎన్.టి. రామారావు తెలుగుదేశం పెట్టి, షెవర్లే వ్యానొకదాన్ని చైతన్యరథంగా మార్చుకుని రాష్ట్రమంతా తిరిగాడు. మరుసటి జనవరికి ముఖ్యమంత్రి అయ్యాడు. 1985, 1989, 1994 మూడుసార్లూ మా హిందూపురం నుంచి గెలిచాడు. వ్యాను మీద నిలబడి ఆయన ఏం మాట్లాడాడో పుస్తకాల్లోకి ఎక్కింది. కానీ కరెంటు స్తంభానికి దూరంగా, రోడ్డు మీద, బండిలోంచి ఒక గొంతు ఊరంతా వినబడటం వెనక కూడా ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రను మన సాహిత్యం పెద్దగా పట్టించుకోలేదు.

ఎన్నికలొస్తే మా వైపు జీపులు బయల్దేరేవి. ముందొక హారను, వెనకొక హారను. వాటికి ఆధారం జీపు బ్యాటరీ, అంటే 12 వోల్టులు. ఇక్కడ కొంచెం లెక్క తప్పదు. 4 ఓముల స్పీకరును 12 వోల్టులతో నేరుగా నడిపితే, ఎంత మంచి సర్క్యూట్ కట్టినా, శబ్దం చెదరకుండా వచ్చేది 18 వాట్లే. ఇంజను నడుస్తుంటే ఇంకొన్ని. అంతకుమించి ఓము సూత్రం ఒప్పుకోదు.

మైకు సెట్ల వాళ్లు దీనికో ఉపాయం పట్టారు. 2ఎన్3055 అనే ట్రాన్సిస్టర్ల జతను బ్యాటరీ మీదే నడిపి, వాటి తర్వాత ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజి పెంచేవాళ్లు. హారను కూడా తక్కువ వాట్లను ఎక్కువ శబ్దంగా మార్చే పరికరం. మనిషి గొంతుకు అది చాలు. ఆ ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతే విప్పి, చుట్లు లెక్కపెట్టి, మళ్లీ రాగి తీగ చుట్టడమే చిన్నాయన జీవనం. ఎన్నికల ఏడు ఆయనకు పంట పండిన ఏడు.

తొంభైల్లో కథ మారింది. టాటా సుమోలొచ్చాయి. వాటిల్లో వినాల్సింది ప్రసంగం కాదు, పాట. అందులోనూ గుండెకు తగిలే బేస్. ఇక్కడ హారను పనికిరాదు. ఒక్కో స్పీకరుకు 100 వాట్లు కావాలంటే ఆంప్లిఫయరుకు ఇటు 35, అటు 35 వోల్టులైనా అందించాలి. పాత పద్ధతిలో, అంత బేస్‌ను మోసే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టాలంటే ఇనుము కిలోలకొద్దీ కావాలి. కాబట్టి శబ్దం పుట్టాక పెంచడం కాదు, ఆంప్లిఫయరుకు చేరకముందే బ్యాటరీ వోల్టేజిని పెంచుకోవాలి.

అయితే బ్యాటరీ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లో పెరగదు. ఎందుకు పెరగదో 1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే లండన్లో చూశాడు. ఒక ఇనుప కడియానికి రెండు వైపులా తీగలు చుట్టి, ఒకదానికి బ్యాటరీ కలిపాడు. రెండోదాని దగ్గరున్న సూది ఒక్కసారి కదిలి మళ్లీ నిలబడిపోయింది. బ్యాటరీ తీసేసినప్పుడు ఇంకో వైపుకు కదిలింది. కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ చలనం లేదు. అంటే అవతలి తీగకు ఏదైనా అందాలంటే ఇవతల కరెంటును కోస్తూ ఉండాలి. చిన్నాయన చెప్పిన కోత ఇదే.

అమెరికాలో 1930ల నాటి కారు రేడియోలు ఈ పనిని ఒక ఇనుప నాలుకతో చేశాయి. దాన్ని వైబ్రేటర్ అనేవాళ్లు. సెకనుకు నూరుసార్లకు పైగా అటూ ఇటూ కొట్టుకుంటూ, బ్యాటరీ కరెంటును కోసి, వాల్వులకు కావలసిన 200 వోల్టుల దాకా పెంచేది. జుయ్‌మని మోగేది, కొన్నాళ్లకు అరిగిపోయేది. 1955లో జార్జ్ రాయర్ అనే ఇంజనీరు ప్రచురించిన సర్క్యూట్‌లో రెండు ట్రాన్సిస్టర్లు ఆ నాలుక పని చేశాయి. ఆ తర్వాత మాస్‌ఫెట్లు వచ్చి వేగాన్ని సెకనుకు 50,000 కోతల దాకా తీసుకెళ్లాయి. కోత ఎంత వేగమైతే ట్రాన్స్‌ఫార్మర్ అంత చిన్నదవుతుంది. కిలోల ఇనుము అరచేతిలో పట్టే ఫెర్రైట్ ముక్కైపోయింది.

1999లో నేను ఇంజనీరింగ్ చదువుతున్నా. ఒక సుమో ఆయన చిన్నాయన దగ్గరికొచ్చి, కంపెనీ ఆంప్లిఫయర్ కొనలేను, చేసిపెట్టప్పా అన్నాడు. ఎన్నికల బేరాలు తగ్గాయి, వరసగా కరువులు. చిన్నాయన ఒప్పుకున్నాడు. నేను బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు పోయి టిఎల్494 అనే కంట్రోల్ ఐసీ, ఐఆర్ఎఫ్‌జెడ్44 మాస్‌ఫెట్లు, ఫెర్రైట్ కోరు తెచ్చా. డబ్బులు ఆయనవి, అవీ అప్పు తెచ్చినవి.

ప్రైమరీ నాలుగూ నాలుగు చుట్లు, సెకండరీ పన్నెండూ పన్నెండు. లావు తీగైతే అంత వేగంలో కరెంటు పైపైనే పారుతుందని చెప్తే, చిన్నాయన సన్న తీగలు పోగుచేసి పగ్గం పేనినట్టు పేనాడు. నేను పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఆ చుట్టు అంత బిగువుగా చుట్టలేను.

మొదటిసారి ఆన్ చేసే ముందు, బ్యాటరీకి వరసలో ఒక హెడ్‌లైటు బల్బు పెట్టమన్నాడు. తప్పేమన్నా ఉంటే బల్బు వెలిగి కరెంటును ఆపుతుంది, సామాను బతుకుతుంది. “అది పాత పద్ధతి చిన్నాయనా” అన్నా. నేరుగా కలిపా. టప్‌మని నాలుగు మాస్‌ఫెట్లూ పోయాయి. నల్లటి పొగ. మిగిలిన నాలుగూ పెట్టి, తీగలు తిప్పి కలిపా. అవీ పోయాయి.

ఆయన తిట్టలేదు. చాలాసేపు బోర్డు చూసి అడిగాడు: “ఇవి రెండు వైపులా మార్చి మార్చి తెరుచుకుంటాయి కదా. మీ జేజీ అవ్వా ఒకే రోట్లో దంచేది సూసినావా? ఒక రోకలి లేస్తేనే ఇంకోటి పడాల. రెండూ ఒకేసారి పడితే ఏమైతాది?”

నేను చేసిన తప్పు అదే. వోల్టేజి కాస్త ఎక్కువ రావాలని, రెండు వైపుల మధ్య ఐసీ ఇచ్చే ఖాళీ సమయాన్ని పూర్తిగా తగ్గించేశా. పైగా ఆ చిన్న ఐసీ ఒక్కటే మాస్‌ఫెట్ల గేట్లను తొందరగా మూయలేదు. ఒకటి మూసుకోకముందే రెండోది తెరుచుకుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాస్తా షార్టయింది. ఖాళీ పెంచి, గేట్లు తొందరగా ఖాళీ అయ్యేలా చిన్న ట్రాన్సిస్టర్లు పెట్టి, ఈసారి బల్బుతో ఆన్ చేశాం. బల్బు ఒక్క క్షణం మిణుకుమని ఆరిపోయింది. మీటరులో ఇటు 35, అటు 35.

సుమో ఆయన మురిసిపోయాడు. కానీ కాల్చిన ఎనిమిది మాస్‌ఫెట్లు చిన్నాయన లాభాన్ని తినేశాయి. రెండేళ్లకు రెడీమేడ్ ఆంప్లిఫయర్లు అంతకంటే చవగ్గా దిగాయి. ఆయన అంగడి మూసేశాడు. మూసింది నా వల్ల కాదని ఇంట్లోవాళ్లంతా అంటారు. నేను మాత్రం ఆ ఎనిమిదిని లెక్కపెడుతూనే ఉంటా.

కదిరి పక్కన ఎన్.పి. కుంటలో 2016 నుంచి సోలార్ పార్కు నడుస్తోంది. ఎండ తప్ప ఏదీ సమృద్ధిగా లేని నేలలో, పలకల నుంచి వచ్చే కరెంటు కూడా బ్యాటరీ కరెంటులాంటిదే. దాన్ని లైన్లలోకి పంపాలంటే ఇన్వర్టర్లు సెకనుకు వేలసార్లు కొయ్యాలి. అక్కడా రెండు రోకళ్లు ఒకేసారి పడకూడదు. ఆ పార్కు గురించి రాసేవాళ్లు మెగావాట్లు రాస్తారు. రాయాల్సిందే. కానీ మా జిల్లాలో కరెంటును కొయ్యడం ఆ పార్కుతో మొదలు కాలేదు. అంతకుముందే కళ్యాణదుర్గం అంగట్లో, అప్పు చేసి తెచ్చిన సామాన్ల మీద, ఒక మనిషి ఆ పని చేశాడు.

ఇప్పటికీ ఏ కొత్త బోర్డు ఆన్ చేసినా ముందు హెడ్‌లైటు బల్బు పెడతా.