యోసెమిటీ లోయ – జనసమ్మర్దము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, కాలిఫోర్నియా యందు, సియెర్రా నెవాడా పర్వతముల నడుమ యోసెమిటీ అను లోయ కలదు. దాని పొడవు సుమారు ఏడు మైళ్లు. వెడల్పు మిక్కిలి విశాలమైన చోట ఒక మైలు. ఇరుప్రక్కల నిట్టనిలువు శిలలు, వాని పైనుండి దుముకు జలపాతములు. ఈ లోయ గల జాతీయవనమునకు 2016వ సంవత్సరమున యాత్రికులు ఏబది లక్షలకు మించి వచ్చినారు. ఏకాంతము కోరి వెళ్లినవారికి అచట ఏకాంతమే కరవైనది. ఇది యెట్లు సంభవించినదో విచారింతము.

ఆ లోయ మొదట నిర్జనము కాదు. అహ్వానీచీ తెగవారికి అది నివాసస్థానము. 1851లో మారిపోసా దళమను సాయుధసేన వారిని తరుముచు లోయలో ప్రవేశించి, గుడిసెలను, ఆహారపు నిల్వలను తగులబెట్టినది. తరువాతి యాత్రికులు మెచ్చుకొన్న నిశ్శబ్దములో కొంత ఇట్లు ఏర్పడినదే యని మనము మరువరాదు.

1864లో అధ్యక్షుడు లింకన్ ఆ లోయను, మారిపోసా మహావృక్షముల తోపును ప్రజల విహారార్థమై కాలిఫోర్నియా రాష్ట్రమునకు అప్పగించెను. చుట్టుపట్ల భూమి 1890లో జాతీయవనమైనది. 1903 మే నెలలో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్టు వచ్చినప్పుడు లోయలో ఆయన కొరకు విందు, బాణసంచా సిద్ధముగా నుండెను. ఆయన వానిని విడిచి, ప్రకృతి ప్రేమికుడగు జాన్ మ్యూర్‌తో కూడ అడవిలో చెట్లక్రింద పరుండెను. ఒకనాడు మేల్కొనుసరికి కంబళ్లపై మంచు కురిసియుండెను. మూడు రాత్రులు మ్యూర్ చెప్పిన మాటలు వృథా కాలేదు. 1906లో లోయ కూడ కేంద్రప్రభుత్వ రక్షణలోనికి వచ్చినది.

కాని దారి సుగమమైనకొలది జనము పెరిగినది. 1907లో రైలు వనద్వారము దాక వచ్చినది. 1913లో మోటారుకార్లకు అనుమతి లభించినది. 1954 నాటికి ఏటేట వచ్చువారు పదిలక్షలు దాటిరి. వేసవి రాత్రులందు గ్లేసియర్ పాయింట్ కొండకొమ్మునుండి నిప్పుకణికలను జారవిడుచు వేడుక ఒకటి యుండెడిది. దానికై మూగిన జనము పచ్చికబయళ్లను త్రొక్కివేయుచుండగా, 1968లో దానిని మాన్పించిరి. 1970లో లోయ తూర్పుభాగమున కొంతమేర సొంతకార్లను నిషేధించి, ఉచిత బస్సులు నడపసాగిరి. 2020 మొదలు కొన్ని సంవత్సరములలో ముందుగా అనుమతి పొందినవారినే వేసవిలో లోనికి రానిచ్చిరి.

ఇక వెళ్లదలచినవారు చేయదగినదేమి? వనము మొత్తముతో పోల్చిన లోయ నూరింట ఒక వంతైనను కాదు. జనమెల్ల అచటనే మూగుదురు. టియోగా మార్గమున ఎత్తైన మైదానములకు పోయిన, లేక కాలిబాటపై రెండుమూడు మైళ్లు నడచిన, సమ్మర్దము పలుచబడును. అయితే ఆ మార్గము శీతకాలమున మంచుచే మూతపడును. శని, ఆదివారములు విడిచి, సూర్యోదయమునకు ముందే చేరుట మేలు. ఆగస్టు గడచిన పిమ్మట జనము తగ్గును గాని, యోసెమిటీ జలపాతము అప్పటికి సాధారణముగా ఎండిపోవును. జలపాతమును చూడగోరినచో మే నెలలో, కొంత రద్దీని సహించియే చూడవలెను.

ఆ రద్దీలో మనమును ఒకరమే. కారును నిలిపి బస్సెక్కువాడు, పచ్చికను త్రొక్కక బాటవెంట నడచువాడు, తన తరువాత వచ్చువానికి కొంత చోటు విడిచినవాడగును.