రూపాయి ఏ నెలలో అందుతోంది? మాతాశిశు పథకాల్లో ప్రభుత్వ వ్యయం తీరు

తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ పథకం మొదలుపెట్టినప్పుడు అందరి కళ్లూ కిట్టులోని దోమతెర, సబ్బులు, పసిబిడ్డ బట్టల మీద పడ్డాయి. పరిశోధకులు చూడాల్సింది మాత్రం నగదు విడతలను. సర్కారు దవాఖానాలో మగబిడ్డ పుడితే రూ.12,000, ఆడబిడ్డయితే రూ.13,000 అన్నారు. గర్భిణిగా పేరు నమోదై పరీక్షలు అయ్యాక 3,000, కాన్పప్పుడు 4,000 (ఆడపిల్లయితే 5,000), మూడున్నర నెలల టీకాలకు 2,000, తొమ్మిది నెలల టీకాలకు 3,000. లెక్క కడితే, కడుపుతో ఉండగా తల్లి చేతికొచ్చేది దాదాపు పావు వంతు.

ఏ షరతు మీద డబ్బిచ్చారో ఆ షరతు నెరవేరింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లో తెలంగాణలో ప్రభుత్వాసుపత్రుల్లో జరిగిన కాన్పులు 30.5 శాతం. 2019లో మళ్లీ సర్వే చేసేసరికి అవి 49.7 శాతమయ్యాయి. గర్భిణులను తీసుకెళ్లే 102 వాహనాలకూ, కొత్తగా వచ్చిన ప్రసూతి వార్డులకూ ఇందులో వాటా ఉంది కనుక ఘనతంతా నగదుదే అనలేం. కానీ నాలుగేళ్లలో ఇంత మార్పు చిన్న విషయం కాదు. నమూనా నమోదు విధానం లెక్కల్లో ప్రతి లక్ష సజీవ జననాలకు రాష్ట్రంలో తల్లుల మరణాలు 2016-18లో 63 ఉంటే 2018-20 నాటికి 43కు తగ్గాయి.

కాన్పు చోటు మారింది గానీ సిజేరియన్లు తగ్గలేదు. 2019 సర్వేలో రాష్ట్రంలోని ప్రసవాల్లో 60.7 శాతం కోత కాన్పులే. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. బిడ్డ ఎక్కడ పుట్టాలన్న దానికి పథకం ధర కట్టింది, ఎలా పుట్టాలన్న దాని జోలికి పోలేదు.

ఇక తిండి సంగతి. ఆరోగ్యలక్ష్మి పేరుతో 2015 జనవరి నుంచి తెలంగాణ అంగన్‌వాడీల్లో గర్భిణులకూ బాలింతలకూ రోజూ ఒక పూట అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టడం మొదలైంది. కేంద్రానికి పోయి అక్కడే కూర్చుని తినాలి. ఈ నియమం వెనక మంచి ఎరుక ఉంది. సరుకు ఇంటికి పోతే అది ఇంటిల్లిపాదికీ పంపకమవుతుంది, అందరూ తిన్నాక మిగిలిందే కోడలికి దక్కుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక పూట వేడి భోజనం నడిచింది. కోవిడ్ కాలంలో అక్కడ కేంద్రాలు మూతబడి రేషన్ ఇళ్లకు చేరింది.

ఇంత చేసినా అవే రెండు సర్వేల మధ్య తెలంగాణ గర్భిణుల్లో రక్తహీనత 48.2 శాతం నుంచి 53.2 శాతానికి పెరిగింది. ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 28 శాతం నుంచి 33.1 శాతానికి చేరారు. సర్వేలో వేలి కొస నుంచి తీసిన రక్తంతో రక్తహీనతను కొలిచే పద్ధతి మీద నిపుణుల్లో వాదం ఉంది. ఎత్తు కొలతకు ఆ వాదం వర్తించదు. ఒక పూట భోజనం వట్టిదని దీని అర్థం కాదు. ఆ పూటకు కేటాయించే డబ్బు ఎంత, అది ధరలతో పాటు కదులుతోందా అన్నది తేల్చాలి.

కదలలేదు. అదనపు పోషకాహారానికి కేంద్ర ప్రభుత్వం 2017లో కట్టిన రేటు గర్భిణికీ బాలింతకూ రోజుకు రూ.9.50, బిడ్డకు రూ.8. అందులో సగం రాష్ట్రమే పెట్టుకోవాలి. ఆ డబ్బుతో గుడ్డు, పాలు, అన్నం, పప్పు రావని కిరాణా కొట్టుకు వెళ్లేవాళ్లెవరికైనా తెలుసు, కనుక మిగతాది కూడా రాష్ట్రాలే భరించాయి. ఈ ప్రమాణాలను పెంచుతామన్న మాట మళ్లీ 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో వినిపించింది. పద్దు చూసినా ఇదే తీరు. అంగన్‌వాడీలకు కేంద్రం డబ్బిచ్చే సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 పథకం కేటాయింపు 2021-22లో రూ.20,105 కోట్లు, 2024-25లో రూ.21,200 కోట్లు. మూడేళ్లలో పెరిగింది ఐదున్నర శాతం లోపే. ఆ కాలంలో ధరలు దాదాపు ఏటా అంత పెరిగాయి. బడ్జెట్ కాగితం మీద అంకె పెరిగింది, పళ్లెంలో తిండి తగ్గింది.

చట్టం రాసినప్పుడు ఉద్దేశం వేరు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ రూ.6,000కు తగ్గకుండా ప్రసూతి సాయం హక్కుగా ఇచ్చింది. నాలుగేళ్లకు వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన దాన్ని రూ.5,000 చేసి తొలి కాన్పుకే పరిమితం చేసింది. 2022లో సవరించి, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే రూ.6,000 ఇస్తామన్నారు. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు పుట్టబోయేది ఎవరో తల్లికి తెలియదు. ఆ డబ్బు కాన్పు తర్వాతే వస్తుంది, కాబట్టి కడుపులో బిడ్డ పెరిగే కాలానికి అక్కరకు రాదు. పొరుగున తమిళనాడు 1987లో రూ.300తో మొదలైన ముత్తులక్ష్మి రెడ్డి పథకాన్ని 2018 నాటికి రూ.18,000కు తెచ్చింది. అందులో రూ.4,000 విలువ పోషకాహార కిట్లదే.

వండి వడ్డించే మనిషి ఖర్చూ ఇందులో భాగమే. అంగన్‌వాడీ టీచర్‌కు కేంద్రం 2018లో కట్టిన గౌరవ వేతనం నెలకు రూ.4,500. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రం వాటాతో అది రూ.11,500 అయింది. అది చాలదని 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు వాళ్లు సమ్మె చేశారు. ప్రభుత్వం అత్యవసర సేవల నిర్వహణ చట్టం (ఎస్మా) ప్రయోగించింది. ఎస్మా పరిధిలోకి వచ్చేంత అత్యవసర సేవ చేస్తున్నా, పుచ్చుకునేదాన్ని జీతం అనడానికి ప్రభుత్వాలకు ఇప్పటికీ మనసొప్పడం లేదు.

కిట్టుకు ప్రారంభోత్సవం ఉంటుంది, ఫొటో ఉంటుంది. రోజువారీ గుడ్డుకు అవేవీ ఉండవు, అందుకే కోత ముందు దాని మీద పడుతుంది. ప్రభుత్వోద్యోగుల కరువు భత్యాన్ని ధరల సూచీని బట్టి ఏటా రెండుసార్లు సవరిస్తారు. అంగన్‌వాడీ భోజనం రేటుకూ అదే పద్ధతి పెట్టాలి, ప్రసూతి సాయంలో పెద్ద విడతను ఆరో నెలకు ముందే చెల్లించాలి. వీటిలో మొదటిదానికి ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. రెండోదానికి విడతల తేదీలు మారిస్తే చాలు.